బావగారికి తగిన పేట

పాలకొల్లు,
9 నవంబరు 2003

మరదలు దయాకుమారికీ, తోడల్లుడు రాబర్టుకీ,

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ అక్కకి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి గానీ నన్ను తిట్టడానికి అవి అడ్డు రావడం లేదు. మీ ఫేబాకి క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కలకి తొంభై రెండు వచ్చాయి. పేపరు దిద్దింది జగన్మోహనరావు. కాబట్టి హెడ్మాస్టరు పెదనాన్న వేయించాడని ఎవరూ అనలేరు. ఐదో తరగతిలో దాన్ని మించినవాళ్ళు లేరు. మాకు దేవుడు పిల్లల్ని ఇవ్వలేదు గానీ, ఆరేళ్ళ కిందట నువ్వు దీన్ని మా ఒళ్ళో పెట్టి విమానం ఎక్కిన దగ్గర్నుంచీ ఆ లోటు మాకు గుర్తు రాలేదు.

ఇక అసలు విషయం. ఆ జగన్మోహనరావు కొడుకు మురళీ దుబాయ్‌లో ఏదో ఆఫీసులో ఉన్నాడు. జగన్మోహనరావు సెలవు పెట్టి నెల రోజులు అక్కడ ఉండి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ స్టాఫ్‌రూములో ఇంకో మాట లేదు. మొన్న ఇంటర్వెల్లో బోర్డు మీద దుబాయ్ మ్యాపు వేసి, పేటలన్నిటికీ పేర్లు రాసి, అందరి ముందూ నన్ను అడిగాడు: "మాస్టారూ, మీ మరదలుగారిది ఏ పేటండీ? డేరాయా, కరామాయా, జుమేరాయా?"

"దుబాయ్" అన్నాను.

"అది తెల్సండీ బాబూ. దుబాయ్‌లో ఎక్కడండీ అంట?"

ఇంటికి వచ్చి నీ కవర్లన్నీ తిరగేశాను. వీధి పేరు లేదు, డోరు నంబరు లేదు. ఆరేళ్ళుగా ఒక్కటే పోస్టు బాక్సు నంబరు. ఆ మాటే అతనికి చెబితే "పోస్టు పెట్టెలో కాపరం ఉంటారేంటండీ" అన్నాడు. డ్రిల్లు మాస్టారు కూడా నవ్వాడు. నా సర్వీసులో నన్ను చూసి డ్రిల్లు మాస్టారు నవ్వడం ఇదే మొదలు.

కాబట్టి వేసవి సెలవుల్లో ఫేబాని తీసుకుని పదిహేను రోజులు దుబాయ్ వస్తున్నాను. మేము ఏ పేటలో దిగుతామో, ఆ పేట ఎలాంటిదో, చుట్టుపక్కల ఎవరుంటారో వివరంగా రాయి. జగన్మోహనరావు మ్యాపులో దాన్ని నేనే గుర్తు పెట్టాలి.

మీరు ఇక్కడ కట్టించిన ఇంటికి గేటు పెట్టించాను. ఆ స్థలం ఏరింది నేనే కాబట్టి చెప్పకూడదు గానీ, ఊళ్ళో అంత మంచి పేట ఇంకోటి లేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి, తలుపులు తీసి, గాలి తగలనిచ్చి, మళ్ళీ తాళం వేసి వస్తున్నాను. ఫోన్లు చెయ్యకు. ఫోన్లో అడిగినదానికి సగం జవాబే వస్తుంది. ఉత్తరం రాయి.

ఇట్లు,
యస్. ఐజక్, ప్రధానోపాధ్యాయుడు


అబుదాబి,
28 నవంబరు 2003

గౌరవనీయులైన బావగారికీ, అక్కకీ,

దయాకుమారి వందనాలు. మీ ఉత్తరం ఆసుపత్రిలో డ్యూటీ మధ్య చదివి నవ్వాపుకోలేక పేషెంటు చేత తిట్లు తిన్నాను. డ్రిల్లు మాస్టారు నవ్వారంటే వ్యవహారం ముదిరిందన్నమాటే.

బావగారూ, ముందు ఒక మాట. మేం ఉండేది దుబాయ్ కాదు, అబుదాబి. ఇది వేరే ఊరు. దుబాయ్ ఇక్కడికి రెండు గంటల ప్రయాణం. ఈ సంగతి నాలుగుసార్లు రాశాను. మీరు చదివి, నా తప్పులు దిద్ది పక్కన పెట్టేసినట్టున్నారు. ఇక ఇక్కడ ఎవరికీ ఇంటికి ఉత్తరాలు రావు. పెద్ద పెద్ద షేకులకైనా పోస్టు బాక్సే. జగన్మోహనరావుగారి అబ్బాయికి కూడా అంతే, అడగమనండి.

మీరు వస్తానన్నారు, సంతోషం. కాకపోతే మేం ఉంటున్న బిల్డింగుకి రంగులు వేస్తున్నారు. ఇక్కడ రంగులంటే మన ఊళ్ళోలా రెండు రోజుల పని కాదు, నెలలు పడుతుంది. మే నెల దాకా అవదని అంటున్నారు. అందుకని మీరు డేరాలో హోటల్లో దిగితే బాగుంటుంది. దుబాయ్‌లో పాత బజారు అదే. బంగారం కొట్లు, అత్తరు కొట్లు, మన తిండి దొరికే హోటళ్ళు అన్నీ నడిచే దూరంలోనే. ఊరి మధ్య సముద్రపు పాయ ఉంది, అది దాటడానికి అబ్రా అని చిన్న పడవలు ఉంటాయి. మన నర్సాపురం రేవులో పంటు ఎక్కినట్టే ఉంటుంది. మేమిద్దరం సెలవు పెట్టి అక్కడికే వస్తాం.

ఫేబాకి నా ముద్దులు. జడకి రబ్బరు బ్యాండ్లు పెద్దమ్మ కొననివ్వడం లేదని ఫోన్లో ఫిర్యాదు చేసింది. దాని పక్షాన నేను కూడా ఫిర్యాదు చేస్తున్నాను.

మీ మరదలు,
దయాకుమారి


పాలకొల్లు,
20 డిసెంబరు 2003

మరదలికి,

నీ ఉత్తరం అందింది. అబుదాబి వేరే ఊరని రాశావు. కావచ్చు. కానీ మన ఊళ్ళో సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. మస్కట్‌లో వంటకి కుదిరిన పేరమ్మ కూడా దుబాయ్ వెళ్ళిందనే అందరం అంటాం, పేరమ్మ కూడా అలాగే అంటుంది. ఇప్పుడు నేను లేచి మా మరదలు దుబాయ్‌లో లేదని ప్రకటిస్తే సంఘంలో లేనిపోని ప్రార్థనలు మొదలవుతాయి. అందుకని అబుదాబి అనేది దుబాయ్‌కి కాస్త పక్కగా ఉన్న ఒక పేట అని స్టాఫ్‌రూములో చెప్పేశాను. జగన్మోహనరావు నవ్వాడు. అతని నవ్వుకి ప్రతిసారీ కారణం ఉండదు.

డేరా నాకు సరిపడదు. జగన్మోహనరావు చెప్పిన దాన్నిబట్టి అది సంత. పగలంతా మూటలు మోసే బళ్ళు తిరుగుతాయట. సంతలో దిగడానికి విమానం ఎక్కాలా, మన సంత మార్కెట్టుకి సైకిలు చాలదూ? పైగా సొంత మరదలు కాపరం చేస్తుండగా బావ లాడ్జీలో దిగాడంటే నీకే చిన్నతనం.

కరామా మర్యాదస్తుల పేటట. కానీ అక్కడ మురళీ ఉన్నాడు. నేను ఏ పూట ఏం తిన్నానో ఆ సాయంత్రానికి స్టాఫ్‌రూముకి చేరుతుంది. జుమేరా సముద్రం ఒడ్డున ఉందట. తుపానులు చూసినవాణ్ణి, సముద్రం పక్కన నాకు నిద్ర పట్టదు. మీ బిల్డింగులో దిగుదామంటే రంగుల వాసనకి నాకు ఆయాసం వస్తుంది. వీటిలో ఏదీ కాకుండా, చర్చికి దగ్గరగా, మంచి నీరు, మంచి గాలి ఉన్న చోటు ఏదైనా ఉంటే రాయి.

ఇట్లు,
యస్. ఐజక్, ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, నేను ఫేబాని. పెదనాన్న కింద ఖాళీ ఇచ్చారు. బిల్డింగుకి రంగులు వేస్తున్నారంట కదా. నా గదికి లేత నీలం వెయ్యమని చెప్పు. నా గది కిటికీలోంచి ఏం కనపడుద్ది? నాన్నకి కూడా ముద్దులు.


అబుదాబి,
14 జనవరి 2004

బావగారికి,

వందనాలు. మీరు దుబాయ్‌లో పేటలన్నీ కొట్టేశాక ఇంక మిగిలినవి వెతికాను. బర్ దుబాయ్‌లో గుడి దగ్గర మంచి హోటళ్ళున్నాయి, మీరు గుడి గంటలు పడవంటారు. సత్వాలో దర్జీ షాపులు, మీరు మిషన్ల చప్పుడంటారు. షార్జా ఇంకో ఊరు, అదీ దుబాయ్ పేటే అని మీరు బోర్డు మీద రాసేస్తే అక్కడి వాళ్ళు గొడవకి వస్తారు. "బావగారికి ఏ పేటా నచ్చదు, ఖలాస్. ఆయనకి నచ్చేది ఆ హెడ్మాస్టరు కుర్చీ ఒక్కటే. అది లగేజీలో ఏసుకు రమ్మను" అన్నాడు రాబర్టు. రాయొద్దన్నాడు, రాశాను.

ఒక్క సంగతి మాత్రం ఆలోచించండి. మే నెలలో ఇక్కడ ఎండ మన ఎండ లాంటిది కాదు. బయట అడుగు పెడితే కళ్ళద్దాలు వేడెక్కిపోతాయి. ఫేబాకి అసలే వేసవిలో ముక్కులోంచి రక్తం వస్తుంది. దాన్ని ఈసారికి తీసుకురాకుండా ఉంటేనే మంచిదేమో. మీరు ఒక్కరూ రండి, డేరాలో హాయిగా తిప్పి పంపుతాం. దానికి ఏదో ఒకటి మీరే సర్దిచెప్పండి. గదికి ఇంకా రంగు వెయ్యలేదని చెప్పండి.

మీ మరదలు,
దయాకుమారి


పాలకొల్లు,
8 ఫిబ్రవరి 2004

మరదలికి,

నువ్వు రాసింది అక్షరాలా నిజం. పిల్లని తీసుకురాకపోవడమే మంచిది. ఈ మాట నేనే రాద్దామనుకుంటున్నాను, నువ్వే రాశావు. ఎండ ఒకటి, ముక్కులోంచి రక్తం ఒకటి, విమానంలో చెవులు నొప్పి ఒకటి. పైగా కొత్త చోట నీళ్ళు పడవు. ఆరో తరగతిలో హిందీ వస్తుంది, సెలవుల్లోనే అక్షరాలు దిద్దించాలి.

ఆలోచిస్తే నేను మాత్రం రావడం దేనికి అనిపిస్తోంది. సరైన పేట దొరకనే లేదు. వచ్చే ఏడో, ఆ పై ఏడో, నేను రిటైరయ్యాక నిదానంగా చూసుకోవచ్చు. జగన్మోహనరావు ఏమైనా అనుకుంటే అనుకోనీ. అతని మ్యాపు బోర్డు మీద నుంచి తుడిపించేశాను, ఆ బోర్డు స్కూలుది.

ఇట్లు,
యస్. ఐజక్, ప్రధానోపాధ్యాయుడు

చెల్లీ, నేను మీ అక్కని. ఈయన కవరు అంటించేలోపు చదివేశాను. మీ ఇద్దరికీ ఏమైందే? ఏలూరెళ్ళి పాస్‌పోర్టుల పని చూసుకొచ్చింది ఈయనే, ఇప్పుడు వాటిని బీరువాలో పెట్టి తాళం ఏసింది ఈయనే. పిల్ల క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటంది. తీసుకెళ్ళండి అంటే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటున్నారు. అది నిన్న తలుపు చాటున నిలబడి విన్నది. రాత్రి అన్నం తినలేదు. "అమ్మకి నేను రావడం ఇష్టం లేదా పెద్దమ్మా" అని అడిగింది. నేనేం చెప్పను?


మఫ్రఖ్,
2 మార్చి 2004

బావగారికీ, అక్కకీ,

పైన ఊరు పేరు చూశారా? నేను ఉండేది ఇక్కడ. అబుదాబి ఊరు దాటి, ఎడారి మొదలయ్యే చోట ఆసుపత్రి ఉంది. దాని వెనక నర్సుల హాస్టలు. నా గదిలో రెండు మంచాలు. ఒకటి నాది, ఒకటి హైదరాబాద్ అమ్మాయి ఖుర్షీదాది. మగవాళ్ళు గేటు దాకానే రావాలి. రాబర్టు ఇక్కడికి అరగంట దూరంలో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో కంపెనీ క్యాంపులో ఉంటాడు. గదికి ఎనిమిది మంది. అతనిది పై మంచం.

మాకు ఫ్లాటు లేదు బావగారూ. ఎప్పుడూ లేదు. నేను పంపిన సోఫా ఫొటో మా డాక్టరమ్మ ఇంట్లో తీయించుకున్నది. రంగులూ లేవు, బిల్డింగూ లేదు. ప్రతి శుక్రవారం ఇద్దరం చర్చిలో కలుసుకుంటాం. ఆరాధన అయ్యాక సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డులో బెంచీ మీద కూర్చుంటాం, ఎండగా ఉంటే ఏదైనా పెద్ద షాపులో ఏసీ కింద తిరుగుతాం. చీకటి పడ్డాక నా బస్సు నాది, అతని బస్సు అతనిది. ఈ ఆరేళ్ళలో మేమిద్దరం ఒక కప్పు కింద పడుకున్నది సెలవులకి వచ్చినప్పుడు మీ ఇంట్లోనే.

అలా ఎందుకు ఉన్నారని అడుగుతారు. ఒక గది తీసుకుంటే పాలకొల్లులో ఇల్లు ఆగిపోతుంది. ముందు పునాది అన్నాం, తర్వాత శ్లాబు అన్నాం, తర్వాత గేటు అన్నాం. అక్కడ మీరు ఏరిన మంచి పేటలో మాకు ఇల్లుంది, అందులో ఎవరూ లేరు. ఇక్కడ మేం ఉన్నాం, మాకు పేట లేదు. మీ ఉత్తరాల్లో డేరా సంత, జుమేరా గాలి అని చదువుతూ నవ్వేదాన్ని. చదివాక ఖుర్షీదాకి కనిపించకుండా బాత్రూములోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

ఫేబా తనకి ఐదేళ్ళప్పుడు ఫోన్లో అడిగింది, "అమ్మా అక్కడ నాకు మంచముందా?" అని. ఉందన్నాను. తర్వాతి నెల బల్ల అడిగింది, ఉందన్నాను. ఆ తర్వాత గది, కిటికీ. అబద్ధానికి అద్దె కట్టక్కర్లేదు కదా, కట్టుకుంటూ పోయాను. ఇప్పుడది లేత నీలం అడుగుతోంది. దాన్ని రావద్దని రాసింది ఎండకి భయపడి కాదు, దాని మొహం చూడలేక.

అక్క రాసిన ఆ మాట చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. బావగారూ, ఫేబాని తీసుకుని రండి. మిమ్మల్ని ఏ పేటలో దింపాలో నాకు తెలియడం లేదు. దానికి ఈ సంగతి ఎలా చెప్పాలో అంతకంటే తెలియడం లేదు. అబద్ధాలు చెప్పినందుకు మీ కాళ్ళు పట్టుకుంటున్నాను.

దయాకుమారి


పాలకొల్లు,
25 మార్చి 2004

అమ్మా కుమారీ,

నీ ఉత్తరం చదివాను. మీ అక్కకి చదివి వినిపిస్తూ మధ్యలో కాగితం తన చేతిలో పెట్టేశాను, మిగతాది తనే చదువుకుంది.

డేరాలో హోటలు చూడు. మీ ముగ్గురికీ ఒక గది. అందులో మంచాలు వేరువేరుగా వద్దు. నాకు ఇంకో గది, ఏ మూలదైనా సరే, మెట్ల కిందదైనా సరే. రేవులో, సంతలో పెరిగినవాణ్ణి, డేరా నాకేం కొత్త కాదు.

ఫేబాకి నేను చెప్పను. ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను, ఈ పాఠం నాకు రాదు. దిగాక నువ్వే చెప్పు. మే రెండో వారంలో వస్తాం.

ఐజక్


మఫ్రఖ్,
3 జూన్ 2004

బావగారికీ, అక్కకీ,

మీరు క్షేమంగా చేరారని ఫోన్లో విన్నాక గానీ ఊపిరి ఆడలేదు. పదిహేను రోజులూ పదిహేను నిమిషాల్లా అయిపోయాయి.

అక్కా, మీ ఆయన డేరాలో చేసిన ఘనకార్యాలు ఆయన నీకు చెప్పి ఉండరు, నేను చెబుతాను. సంత అని తిట్టిన మనిషి రెండో రోజుకే పొద్దున్నే లేచి సంతలో తిరగడం మొదలుపెట్టారు. అత్తరు కొట్టు ఇరానీ ముసలాయనతో అచ్చ తెలుగులో బేరం ఆడారు. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి ఇంకేమీ రాదు, చివరికి ఇద్దరూ టీ తాగి విడిపోయారు. అబ్రాలో వరుసలో కూర్చోలేదని పఠాన్లని క్రమశిక్షణగా సర్ది కూర్చోబెట్టారు. "కరామా తీసుకెళ్తాను, యల్లా, లేవండి బావగారూ" అని రాబర్టు అంటే, "ఇక్కడ బానే ఉందయ్యా" అని కదల్లేదు. మురళీ వచ్చి భోజనానికి పిలిచినా, తనే డేరా రమ్మని పిలిచి పరోటా తినిపించి పంపారు.

బావగారూ, మీరు అబ్రా రేవులోనే ఆగిపోయి, మమ్మల్ని ముగ్గుర్నే పడవ ఎక్కించిన రోజు ఫేబాకి చెప్పేశాను. రాబర్టు దాని చెయ్యి పట్టుకున్నాడు. అది మా ఇద్దరి వంకా చూడకుండా నీళ్ళ వంకే చూసింది. ఆ రోజంతా మీ గదిలోనే కూర్చుంది. మర్నాడు, "మీరుండే చోట్లు రెండూ చూపించు" అంది. హాస్టలుకి తీసుకొచ్చాను. నా మంచం మీద పడుకుని చూసింది. ఖుర్షీదా ఇచ్చిన బిస్కట్లు తినకుండా గౌను జేబులో పెట్టుకుంది. క్యాంపు దగ్గర రాబర్టు వాచ్‌మన్‌ని బతిమాలితే ఐదు నిమిషాలు లోపలికి పంపాడు. నిచ్చెన ఎక్కి పై మంచం మీద కూర్చుని, "నాన్నా, లేస్తే తలకి తగలదా?" అని అడిగింది. "అలవాటైపోయిందమ్మా" అన్నాడు.

ట్యాక్సీలో వెనక్కి వస్తుంటే అంది, "రెండు మంచాలూ ఒక గదిలో ఏస్తే సరిపోద్ది కదమ్మా. నేను మధ్యలో పడుకుంటాను" అని.

ఆరేళ్ళుగా నాకూ రాబర్టుకీ తట్టని ఉపాయం అది. తట్టలేదని ఎందుకనాలి, తట్టనివ్వలేదు. ముసఫ్ఫాలో షాబియా అనే చోట రెండు గదులు చూశాం. అతని ఫ్యాక్టరీకీ, నా ఆసుపత్రికీ మధ్యలో ఉంది. హాస్టలు బయట ఉండడానికి ముదీర్, అంటే మా మేనేజరు, ఒప్పుకున్నాడు. కొత్త ముదీర్ మంచివాడు, తనకీ పిల్లలున్నారట. నర్సులు పిల్లలకి వీసా పెట్టుకోవచ్చు, కాగితాలు మొదలుపెట్టాను. స్కూలు బస్సు వీధి చివరికి వస్తుంది. పాలకొల్లు ఇంటికి గాలి తగలనిచ్చింది చాలు బావగారూ, ఎవరైనా పిల్లలున్న కుటుంబానికి అద్దెకి ఇచ్చేయండి.

సెప్టెంబరులో ఇక్కడ స్కూలు తెరిచేలోపు ఫేబాని పంపించండి. అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

మీ మరదలు,
దయాకుమారి


పాలకొల్లు,
16 జూన్ 2004

మరదలికి,

ముసఫ్ఫా గురించి విచారించాను. మురళీకి ఫోన్ చేసి అడిగాను. ఆ పేటలో లారీలు, గ్యారేజీలు, వెల్డింగు షాపులు తప్ప ఏమీ లేవన్నాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు, దీనికి ఆ గొప్ప పేరు కూడా లేదు. దుమ్ము విపరీతం. పిల్ల ముక్కు సంగతి నీకు తెలుసు. ఏసీలో పెరిగితే ఎముకలకి పటుత్వం రాదు. అక్కడి స్కూల్లో తెలుగు ఉండదు, రేపు మీ అక్కకి ఉత్తరం ఎలా రాస్తుంది? ఆరో తరగతి ఇక్కడ మొదలైపోయింది, పుస్తకాలకి అట్టలు కూడా వేశాను. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష అయ్యేదాకా కదపకూడదు. ఈలోగా ఆ ఊళ్ళో కాస్త మంచి పేట చూడండి. ఇల్లు అలకగానే పండగ కాదు. తొందరపడొద్దు.

ఇట్లు,
యస్. ఐజక్, ప్రధానోపాధ్యాయుడు


ముసఫ్ఫా,
29 జూన్ 2004

బావగారికి,

గదులు తీసుకున్నాం. మంచాలు వేశాం. కిటికీలోంచి టైర్ల షాపు కనపడుతుంది. ఫేబాకి ఫోన్లో ఉన్నది ఉన్నట్టు అదే చెప్పాను. ఎన్ని టైర్లని అడిగింది.

ఎనిమిది నెలల నుంచి మీకు నచ్చే పేట కోసం వెతుకుతూనే ఉన్నాను. ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఫేబాని పంపించడానికి మీకు నచ్చే పేట ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందా?

మీ మరదలు,
దయాకుమారి


పాలకొల్లు,
14 జూలై 2004

అమ్మా కుమారీ,

లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు అదే. పది రోజులు ఇంకో జవాబు కోసం చూశాను, దొరకలేదు. మొదట్లో దుబాయ్ వస్తానన్నది జగన్మోహనరావు మీద పంతంతోనే. కానీ రంగుల సంగతి రాసిన నీ ఉత్తరం వచ్చిన రోజే ఫేబా తన గదికి లేత నీలం వేయించాలని నాతో అంది, అప్పుడే నాకు భయం పట్టుకుంది. అక్కడ దానికి గది ఉంది, అమ్మా నాన్నా ఉన్నారు, ఒకసారి చూశాక తిరిగి మా ఇంటికి ఎందుకు వస్తుంది? అందుకే పేట పేటకీ వంక పెట్టాను. నువ్వు పిల్లని తీసుకురావద్దని రాసిన రోజు కాఫీలో చక్కెర రెండు చెంచాలు వేయించుకున్నాను. మీ అక్క అప్పుడే కనిపెట్టింది.

ఇంకోటి కూడా చెప్పాలి. మీకు ఇల్లే లేదని నువ్వు ఏడుస్తూ రాసిన ఉత్తరం చదివినప్పుడు నాకు జాలి వేసింది, అది నిజమే. కానీ అంతకు ముందు, ఒక్క క్షణం, సంతోషించాను. ఆ క్షణానికి దేవుడు నన్ను క్షమించాలి. నువ్వు కూడా.

వచ్చే నెల మొదటి వారంలో మీ అక్క ఫేబాని తీసుకొస్తుంది. నెల రోజులు ఉండి దానికి చోటు అలవాటు చేసి వస్తుంది. నేను రాను. వస్తే అక్కడ కూడా ఏదో ఒక వంక పెడతాను. మీ ఇంట్లో ఎవరో బ్యాంకు ఉద్యోగి దిగాడు, ఇద్దరు పిల్లలు, అప్పుడే గోడల మీద గీస్తున్నారు.

ఈ రోజు ఫేబాకి టీసీ రాశాను. నా సర్వీసులో కొన్ని వేల టీసీలు రాసి ఉంటాను, ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అన్నీ రాశాను. ఎడమ మోచేతి మీద మచ్చ ఉందని చూడకుండానే రాశాను. "పాఠశాల విడుచుటకు కారణము" అన్న చోట ఆగిపోయాను. క్లర్కు రాధాకృష్ణ చాలాసేపు నిలబడి, "తల్లిదండ్రుల బదిలీ అని ఏసేద్దామాండీ? అందరికీ అదే ఏస్తాం కదండీ" అన్నాడు. మీకు బదిలీ ఎక్కడయింది? కాగితం దగ్గరికి లాక్కుని "ఇంటికి వెళ్ళుచున్నది" అని నేనే రాశాను.

రాధాకృష్ణ చదివి బుర్ర గోక్కున్నాడు. "ఇంటికెళ్తందని రాస్తే ఎలాగండీ మాస్టారూ? మరి ఇన్నాళ్ళూ ఎక్కడున్నట్టండీ?" అని అడిగాడు.

సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను.

మీ బావ,
ఐజక్